గుమ్మడికాయల మీద నేను రాసిన నిబంధన

మా ఇంటి గుమ్మానికి కట్టిన గుమ్మడికాయ తీసేయమని నోటీసు వచ్చినప్పుడు నాకు ఎవరి మీదా కోపం రాలేదు. ఆ నిబంధన రాసింది నేనే.

అమెరికాలో కాపెల్ అనే ఊళ్లో ఇల్లు కొన్న రోజు సంతకాలు పెట్టిన కాగితాల్లో ఒక కట్ట కాలనీ నిబంధనలది. ఇంటి ముందు గడ్డి ఎంత ఎత్తు పెరగొచ్చు, తలుపుకు ఏ రంగులు వేయొచ్చు, పండగ దీపాలు ఎన్నాళ్లు వేలాడొచ్చు, అన్నీ అందులో ఉంటాయి. వాటిని ఎవరూ చదవరంటారు. నేను చదివాను. చదివి ఊరుకోకుండా, రెండు అచ్చుతప్పులు చూపిస్తూ ఇళ్ల యజమానుల సంఘానికి ఈమెయిల్ పెట్టాను. ఇలాంటివాణ్ణి బయట వదిలేయడం ప్రమాదమనుకున్నారో ఏమో, కమిటీలోకి తీసుకున్నారు.

కమిటీలో మేం ముగ్గురం. అధ్యక్షురాలు టీచరుగా రిటైరైన అమెరికన్ ఆవిడ. జరిమానా వేస్తున్నప్పుడు కూడా బాగా చదువుకోమని దీవిస్తున్నట్టే మాట్లాడుతుంది. రెండో ఆయన నలభై ఏళ్ల కిందట గుంటూరు నుంచి వచ్చి, గుండె డాక్టరుగా చేసి, ఇప్పుడు విశ్రాంతిగా ఉంటున్న పెద్దాయన. నేను ఆయన్ని డాక్టరుగారూ అంటాను. ఆయన నన్ను ఏమయ్యా అంటారు.

ఆ ఏడు ఒకరింటి ముందు అక్టోబరు చివర్లో హాలోవీన్ పండక్కి పెట్టిన గుమ్మడికాయలు ఫిబ్రవరి దాకా ఉండిపోయాయి. కుంగిపోయి, ఉడతలు తొలిచి, చివరికి అవి ఏమిటో గుర్తుపట్టలేని స్థితికి వచ్చాయి. అధ్యక్షురాలు ఒక్క వాక్యం ప్రతిపాదించింది: నవంబరు నెలాఖరుకల్లా గుమ్మడికాయలు తీసేయాలి. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఏ వాక్యం కనిపించినా ఎక్కడ నొక్కితే విరుగుతుందో చూడడం నా ఉద్యోగం. ‘ఇది గుమ్మడికాయ కాదు, సొరకాయ అంటే? ప్లాస్టిక్‌ది పెడితే? నేల మీద పెట్టకుండా వేలాడదీస్తే?’ అని అడిగాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, మీరే రాసిపెట్టండి అంది. రాశాను. గుమ్మడి జాతికి చెందిన ఏ కాయ అయినా, అసలుదైనా నకిలీదైనా, ఏ రంగుదైనా, కింద పెట్టినా పైన కట్టినా, వీధిలోంచి కనిపిస్తే అది హాలోవీన్ అలంకరణ కిందే లెక్క. మీరు దొరకడం మా అదృష్టం అంది ఆవిడ. పన్నెండేళ్లలో ఆఫీసులో నాతో ఎవరూ ఆ మాట అనలేదు.

మరుసటి ఏడు మా ఆవిడ కడుపుతో ఉంది. అంతకుముందు రెండుసార్లు ఐదో నెల దాటలేదు. రెండోసారి తర్వాత తను ఇంకొకరి సీమంతానికి వెళ్లడం మానేసింది. ఏం చెప్పి మానేస్తోందో నేను అడగలేదు. ఈసారి ఐదు దాటి ఆరో నెల నిండుతుండగా, ఇండియన్ స్టోర్ నుంచి బూడిద గుమ్మడికాయ తెచ్చింది. గుడిలో పంతులుగారు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఇచ్చారు. అమావాస్య నాడు ఉట్టిలో పెట్టి గుమ్మానికి కట్టాం. అంటే, నేను నిచ్చెనెక్కి కట్టాను. దిష్టి మీద నాకు నమ్మకం లేదు. కానీ నిచ్చెన కింద పట్టుకున్నది మా ఆవిడ కాబట్టి ఆ సంగతి అప్పుడు చర్చించలేదు.

మూడు వారాలకి సంఘం ఆఫీసు నుంచి నోటీసు. ఫోటో కూడా జతచేశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడానికి కూడా అవకాశం ఇవ్వకుండా, మా ఇంటి నంబరు స్పష్టంగా పడేలా తీశారు. కింద నా నిబంధన మొత్తం. చదువుతుంటే ఎక్కడా సందు దొరకలేదు. బాగా రాశాననిపించింది.

“పోనీ లోపల కడదామా?” అన్నాను.

“దిష్టి లోపలికొచ్చాక ఆపితే ఏం లాభం?” అంది. టెస్టర్‌గా ఆ తర్కంలో నాకు లోపం కనిపించలేదు.

“అమ్మని అడిగా. కట్టింది మధ్యలో విప్పకూడదంది. మీ కమిటీవాళ్లకి చెప్పు. డెలివరీ అయ్యేదాకా చాలు. తర్వాత నేనే తీయించేస్తా.”

“చూస్తాలే.”

“చూస్తాలే కాదు, అడుగు. ఈ ఒక్కటీ నా కోసం.”

శనివారం ఉదయం క్లబ్‌హౌస్‌లో విచారణ. విచారణ నా మీదే కాబట్టి నాకు ఓటు లేదు. ఎప్పుడూ కూర్చునే కుర్చీలోంచి లేచి బల్లకు అవతలి వైపు కూర్చున్నాను. అధ్యక్షురాలు నిబంధనల పుస్తకం తెరిచి, ఒక మినహాయింపు మీద వేలు పెట్టింది. మతాచారం ప్రకారం గుమ్మానికి కట్టుకునే వాటి జోలికి కమిటీ వెళ్లకూడదు. ఆ పేజీ నేను రాసింది కాదు, అందుకే నాకు గుర్తులేదు.

“ఇది మీ మతానికి సంబంధించినదా?” అని ఆవిడ ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. డాక్టరుగారు దగ్గారు. ఆవిడ ఇంకా మెల్లగా, “మీ గుడికి సంబంధించిందై ఉంటుంది, కదా?” అంది. పెన్ను తెరిచి పట్టుకుంది.

ఈ దేశానికొచ్చిన పదిహేనేళ్లలో ఆవుల గురించి, బొట్టు గురించి, పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్ల గురించి లంచ్ బల్లల దగ్గర చాలా జవాబులు చెప్పాను. ప్రతిసారీ నేను అలాంటివాణ్ణి కాదని చివర్లో తెలిసేలా చెప్పడం అలవాటైపోయింది. ఆ అలవాటే ఇప్పుడూ నోరు తెరిచింది.

“అబ్బే, మతం కాదు. ఉత్త మూఢనమ్మకం,” అని నవ్వాను. అంతటితో ఆగలేదు. ఈర్ష్యపడేవాళ్ల చూపుల్ని కాయ పీల్చుకుంటుందని అనుకుంటారని, దానికి శాస్త్రీయమైన ఆధారమేదీ లేదని వివరించాను. ఆధారం ఎవరూ అడగలేదు.

నిజాయితీగా చెప్పినందుకు కృతజ్ఞతలు అంది ఆవిడ. నా మాటలు సమావేశం నమోదు చేసే మినిట్స్‌లో రాసుకుంది. తీసేయాలన్నదానికి ఆవిడ చెయ్యెత్తింది. తర్వాత డాక్టరుగారు కూడా ఎత్తారు. వారం గడువు.

పార్కింగ్‌లో ఆయన నన్ను ఆపారు. “ఏమయ్యా, ఒక్క ఎస్ అంటే నీ సొమ్మేం పోయింది?”

“నేను నమ్మనిది ఎలా చెప్పనండీ?”

“నువ్వు నమ్ముతావా అని ఎవడడిగాడయ్యా నిన్ను? పంతులు బొట్టు పెట్టి ఇచ్చాడా లేదా? ఆవిడ తలుపు బార్లా తీసి పిలిస్తే, నువ్వు కిటికీలోంచి దూకావు.”

“మరి మీరెందుకు చెయ్యెత్తారు?”

“నువ్వే మూఢనమ్మకం అన్నాక నేను కాదంటే, ఇండియన్లిద్దరూ కూడబలుక్కున్నారనరూ?” కారు తలుపు తీసి ఆగారు. “అమ్మాయికి ఎన్నో నెల?”

“ఏడు పడింది.”

“ఊఁ,” అన్నారు. అంత అనుభవమున్న డాక్టరు దగ్గర అంతకంటే పెద్ద మాట దొరుకుతుందేమోనని కాసేపు నిలబడ్డాను.

ఇంటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. మా ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నది. “నువ్వు నమ్మవని నాకు తెలుసు,” అంది చివరికి. “వాళ్లకెందుకు చెప్పావు?”

ఆ మధ్యాహ్నమే అధ్యక్షురాలికి ఈమెయిల్ పెట్టాను. తిరిగి ఆలోచించగా అది మతాచారమేనని, గుడిలో పూజ చేయించిందేనని రాశాను. గంటలో జవాబు. మీ ఇబ్బంది అర్థమైంది, కానీ మీరు మొదట చెప్పింది మినిట్స్‌లో ఉంది, మార్చాలంటే కమిటీ పైనున్న సంఘం బోర్డుకు అప్పీలు చేసుకోవాలి, బోర్డు మళ్లీ సెప్టెంబరులో కూర్చుంటుంది. డెలివరీ ఆగస్టు చివర్లో. మీ కుటుంబం కోసం ప్రార్థిస్తానని కూడా రాసింది. నిజంగానే ప్రార్థించి ఉంటుంది, అలాంటి మనిషే.

గడువు చివరి రోజు పొద్దున నిచ్చెన తెచ్చాను. విప్పడానికి తనని పట్టుకోమనలేను కాబట్టి గోడకే ఆనించుకున్నాను. తను గుమ్మంలో నిలబడి చూసింది. కాయ కిందికి దించాక, వంగలేక, నన్నే పైకెత్తి పట్టుకోమంది. బొటనవేలితో చుట్టూ నొక్కి చూసింది. దిష్టి తగిలితే కాయ కుళ్లుతుందంటారు.

“గట్టిగానే ఉంది,” అంది. “ఇంకా చాన్నాళ్లు పనిచేసేది.”

దాన్ని వెనక పెరట్లో, వీధిలోంచి కనపడని చోట పెట్టాను.

సోమవారం స్కానింగ్. టెక్నీషియన్ అమ్మాయి పరికరం పొట్ట మీద అటూ ఇటూ జరుపుతూ ఏమీ మాట్లాడలేదు. మహా అయితే పది సెకన్లు. మా ఆవిడ తెర వైపు చూడలేదు, నా వైపు చూసింది. ఏదో ఒకటి అనడం నాకు ఎప్పుడూ చేతనవుతుంది. ఆ పది సెకన్లూ కాలేదు. తర్వాత గుండె చప్పుడు గదంతా వినిపించింది.

“బానే ఉంది,” అన్నాను కార్లో.

“ఇవాళ్టికి,” అంది. “ఇంకా తొమ్మిది వారాలుంది.”

కారు మా వీధిలోకి తిరిగి, మా గుమ్మం కనిపించబోతుండగా తను తల వంచుకుని ఫోన్ చూసుకోసాగింది. కారు గ్యారేజ్ లోపలికి వెళ్లి, మా వెనక దాని తలుపు పూర్తిగా మూసుకునేదాకా తల ఎత్తలేదు.