మొదటి డికాషన్

మా వంటింటి గట్టు మీద ఏడు గాజు సీసాలున్నాయి. ఏడింట్లోనూ కాఫీ గింజలే. చిక్కమగళూరువి రెండు రకాలు, కొడగువి ఒకటి, ఏర్కాడువి ఒకటి, అరకువి ఒకటి, ఏ ఊరివో చెప్పకుండా హోసూరు బస్టాండు దగ్గర కొట్టువాడు నాకు అంటగట్టినవి రెండు. వీటికి చోటు చేయడానికి చింతపండు డబ్బా, కందిపప్పు డబ్బా కింది అరలోకి దిగాయి. మా ఆయన వాటిని చూసినప్పుడల్లా "ఇది ఇల్లా, ల్యాబా?" అంటాడు. అననీ. పుట్టిన దగ్గర్నుంచీ మొదటి డికాషన్ తాగిన మనిషి, నా కడుపుమంట ఆయనకేం తెలుస్తుంది?

నేను పుట్టింది సామల్పట్టిలో. మా అమ్మ కాఫీ పెడితే ఒకే గిన్నెలో కలిపి ఇంటిల్లిపాదికీ పోసేది. నాన్నకు ఒకటీ నాకు ఒకటీ అని లేదు. పెళ్ళయి కృష్ణగిరికి వచ్చాక తెలిసింది, కాఫీలో కూడా పెద్దా చిన్నా ఉంటాయని. అత్తగారిల్లు మామిడికాయల మండీ మీద మేడ. తెల్లారకముందే అత్త ఇత్తడి ఫిల్టర్లో పొడి వేసి వేడినీళ్ళు పోసేది. మొదట దిగిన చిక్కటి డికాషన్ మామగారికి, కొడుకులిద్దరికీ, కింద మండీకి వచ్చిన రైతులకూ. ఆ పొడి మీదే మళ్ళీ నీళ్ళు పోస్తే దిగే పల్చటిది కోడళ్ళకు, అంటే నాకూ మా తోడికోడలికీ. మొదటిరోజు ఒక గుక్క తాగి, ఇదేదో పాత్రలు కడిగిన నీళ్ళనుకున్నాను. కొత్తపెళ్ళికూతుర్ని కాబట్టి మింగేశాను.

అత్త మాత్రం అందరికీ పోశాక తన ఇత్తడి లోటా పట్టుకుని వెనక వరండాలోకి పోయేది. మాకు వీపు పెట్టి కూర్చుని, కొంగుతో లోటా పట్టుకుని గబగబా తాగేసేది. "చూసినావా, మగోళ్ళకు పోసినాంక మిగిలిన చిక్కంది ఆమె లోటాలోకి పోతుంది. మనకు ఈ నీళ్ళు" అని మా తోడికోడలు నా చెవిలో గొణిగేది. నేను నమ్మాను. ఎందుకు నమ్మనూ? ఆ ఇంట్లో ఉప్పు డబ్బా దగ్గర్నుంచి బీరువా తాళంచెవి దాకా అన్నీ ఆమె చేతిలోనే ఉండేవి. పద్దెనిమిదేళ్ళు ప్రతి పొద్దునా ఆ వీపును చూస్తూ పల్చటి కాఫీ తాగాను. ఒళ్ళు మండిపోయేది.

ఆరేళ్ళ కిందట మా ఆయన హోసూరులో స్పేర్ పార్టుల కొట్టు పెట్టాడు. ఫ్లాటులోకి మారిన మొదటి వారమే నేను నా సొంతానికి ఒక స్టీలు ఫిల్టర్ కొనుక్కున్నాను. ఇక నా ఇంట్లో నేను తాగేది మొదటి డికాషనే, రెండో నీళ్ళ మొహం చూడను అని పంతం పట్టాను. పొడి కూడా కొనను, గింజలే తెస్తాను, నా చేత్తోనే పొడి పట్టుకుంటాను. కాఫీలో చికోరీ వేరు పొడి కలపడమంటే మోసమని ఎక్కడో విన్నాను, దాన్ని గడప తొక్కనివ్వలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. మొదటి గింజలు మిక్సీలో వేస్తే జీలకర్ర వాసన వచ్చింది. కాఫీకని వేరే జార్ కొన్నాను. మిక్సీ తిరిగి తిరిగి పొడి వేడెక్కి మాడు రుచి వచ్చింది. చేత్తో తిప్పే గ్రైండర్ తెప్పించాను. మెత్తగా పడితే ఫిల్టర్ మూసుకుపోయి అరగంటైనా చుక్క దిగదు. నేను దాని నెత్తిన గరిటెతో కొడుతూ కూర్చునేదాన్ని. బరకగా పడితే నీళ్ళు సర్రున కిందికి జారిపోయేవి. ఒక రకం పుల్లగా ఉండేది, ఒకటి నాలుక మీద చేదు వదలదు, ఒకటి వాసనకు దేవలోకం, తాగితే ఏమీ లేదు. ఏది తాగుతున్నా రెండో గుక్కకే ఇంకో ఊరి గింజలు ఎలా ఉంటాయో అన్న ఆలోచన. కూర్చుని ఒక లోటా స్థిమితంగా తాగిన పొద్దు ఒక్కటి కూడా లేదు. కాలుకాలిన పిల్లిలా సీసా నుంచి సీసాకు తిరిగాను. నాకు కావలసిందేమిటో నాకే తెలిస్తే కదా!

ఇలా ఉండగా పోయిన వేసవిలో అత్త కృష్ణగిరి ఇంట్లో మెట్ల మీద జారిపడింది. తుంటి దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. "మూడు నెలలు మెట్లు ఎక్కకూడదు. ఇంకోసారి పడితే మాత్రం లేవడం కష్టం" అని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ ఇల్లంతా మెట్లే. అందుకని, లిఫ్టు ఉన్న మా ఫ్లాటుకు తెచ్చుకున్నాం.

నిజం చెప్తాను. ఆమె వచ్చిన మొదటి పొద్దున నేను కాఫీ పెట్టింది ప్రేమతో కాదు. ఉన్నవాటిలో మేలైన చిక్కమగళూరు గింజలు పట్టాను. మొదటి డికాషన్, అందులోనూ మొదటి చుక్కలు, చిక్కటి పాలలో కలిపి ఆమె చేతికిచ్చాను. చూడు, నువ్వు నాకు పద్దెనిమిదేళ్ళు ఇవ్వనిది నేను నీకు మొదటిరోజే ఇస్తున్నాను అని లోపల అనుకున్నాను కూడా.

అత్త రెండు గుక్కలు తాగి లోటా కింద పెట్టేసింది.

"ఏం అత్తా, బాగలేదా?"

"బాగుండాది. చాలమ్మా."

చాలట! మర్నాడు కొడగువి పట్టాను. రెండు గుక్కలు. ఆ మర్నాడు ఏర్కాడువి. ఒక గుక్క. అరకువాటికి మొహం ముడుచుకుంది. చక్కెర పెంచాను, పాలు పెంచాను, లోటా మార్చాను. తిండి మొదటే తగ్గింది ఆమెకు. రెండు ఇడ్లీలు పెడితే ఒకటి అలాగే ఉండేది. పొద్దున కాఫీ తాగితే గానీ ఆ మనిషికి కడుపు తెరుచుకోదని మాకందరికీ తెలుసు. కాఫీ లేదు, తిండి లేదు, బుగ్గలు లోపలికి పోయాయి. నేను గ్రైండర్ ముందు కూర్చుని తిప్పుతూనే ఉన్నాను.

"కృష్ణగిరిలో అమ్మ వాడే పాత పొడి ఉంది కదా, చికోరీ కలిపింది. తెస్తాను" అన్నాడు మా ఆయన.

"ఆ చెత్త నా వంటింట్లోకి వస్తే నేను సామల్పట్టికి పోతాను" అన్నాను.

పదో రోజు అత్త కొడుకును పిలిచి కూర్చోబెట్టుకుంది. "నన్ను ఆదివారం కృష్ణగిరిలో దింపిరాప్పా. ఈడ నాకు పొద్దు పోదు. ఆడ అయితే నా పాటుకు నేను ఉంటాను" అంది. ఆయన బతిమాలాడు, మెట్ల సంగతి చెప్పి భయపెట్టాడు. ఆమె వినలేదు. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపుకు నాకు తల కొట్టేసినట్టయింది. ఏడు సీసాలు పెట్టుకుని ఒక ముసలామెకు ఒక లోటా కాఫీ తాగించలేకపోయాను. ఆమె మళ్ళీ ఆ మెట్ల మీదికి పోతుంది, పడితే నా వల్లే పడుతుంది. ఆమె అంటే ఇష్టమా అంటే అప్పటికి చెప్పలేను గానీ, భయం మాత్రం పట్టుకుంది.

శనివారం పొద్దున మా ఆయన కొట్టుకు పోయాక నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. వంటింట్లోంచి వాకర్ చప్పుడు వినిపించింది. తడి చీర అక్కడే పడేసి పరిగెత్తాను.

అత్త గట్టుకు ఆనుకుని నిలబడి ఉంది. తన మాత్రలకని నేను పక్కన పెట్టే ఫ్లాస్కు తీసుకొచ్చి, పొద్దున వాడేసిన ఫిల్టర్లో, ఆ పిప్పి మీద, వేడినీళ్ళు పోస్తోంది.

"అయ్యో, ఏం చేస్తా ఉండావు అత్తా! అది పారేసే పిప్పి! ఆ నీళ్ళు తాగితే నలుగురూ నన్నేమంటారు? నీకు మొదటిది పోస్తా ఉండాను కదా రోజూ!"

"అదే కదమ్మా కష్టం" అంది అత్త, ఫిల్టర్ మూత పెడుతూ. "ఆ చిక్కంది నాకు దిగదు. గొంతు పట్టేస్తుంది. ఎన్నడు తాగినాను దాన్ని?"

"ఎన్నడు తాగినానంటావేమి? వరండాలో కూర్చుని రోజూ తాగింది ఏమి మరి?"

అత్త నన్ను వింతగా చూసింది. నేను నిజంగానే అడుగుతున్నానని అర్థం కావడానికి ఆమెకు కాసేపు పట్టింది.

"మొదటిది మగోళ్ళకు. నేను కోడలుగా వచ్చినాంక రెండోది నాకు. మీరిద్దరూ వచ్చినారు, రెండోది మీకు పోసినాను. మీరు చిన్నపిల్లోళ్ళు, పొద్దు పోయేదాకా పని చేసేవాళ్ళు. ఇంక నాకు యాడుంటుంది? మళ్ళా నీళ్ళు పోసుకుంటే మూడోది వస్తుంది కదా, అది తాగినాను. పల్చగా ఉండేది మీరు చూస్తే బాధ పడతారని అట్లా పక్కకు పోయి తాగుతా ఉంటిని."

తోడికోడలు నా చెవిలో గొణిగిన మాటలన్నీ, నేను లోపల తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా నా నెత్తిన పడ్డాయి. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు ఆ వరండాలోకి పోయి ఆ లోటాలోకి తొంగి చూసి ఉంటే సరిపోయేది. పద్దెనిమిదేళ్ళలో చూడలేదు.

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాను. కింది గిన్నెలో దిగినదాన్ని లోటాలో వంచితే గోధుమరంగు నీళ్ళు. పాలు కలిపాక ఆ రంగు కూడా పోయింది. అత్త ఒక గుక్క తాగి పెదవి విరిచింది.

"ఏం గింజలమ్మా ఇవి! మొదటి నీళ్ళకే అంతా ఇచ్చేసినాయి. ఆ పాత పొడి అయితే మూడో నీళ్ళకు గూడా కొంచెం నిలుస్తుంది."

అప్పుడర్థమైంది నాకు, ఆ ఇంట్లో చికోరీ ఎందుకు అంతంత కలిపేవారో. అది రుచి కోసం కాదు. మూడోసారి నీళ్ళు పోసినా రంగు రావడానికి. ఆ లోటా నేను తీసుకుని మిగిలింది తాగాను. వేడి తెలిసింది, చక్కెర తెలిసింది, ఇంకేమీ తెలియలేదు. నేను పాత్రలు కడిగిన నీళ్ళన్నది దీనికంటే వంద రెట్లు నయం. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, దాచుకోలేదు.

"కాఫీకి ఏడుస్తారామ్మా ఎవురైనా?" అంది అత్త కంగారుగా.

మా ఆయనకు ఫోన్ చేసి, ఆ పాత పొడి తెమ్మన్నాను. "సామల్పట్టికి ఎన్ని గంటలకు బండి?" అన్నాడు. నవ్వుకోనిచ్చాను. ఆ సాయంత్రమే పోయి తెచ్చాడు. ఆదివారం పొద్దున ఆ పొడి మీద మూడుసార్లు నీళ్ళు పోసి, మూడోది పాలతో కలిపి ఇచ్చాను. అత్త లోటా అడుగు కనిపించేదాకా తాగింది. రెండు ఇడ్లీలూ తింది. కృష్ణగిరి మాట ఆమె ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

కానీ నాకు నిలకడ ఎక్కడిది? ఆ మూడో నీళ్ళు ఆమెకు పోస్తుంటే చెయ్యి రాలేదు. మర్నాడు అందులో ఒక స్పూను మొదటి డికాషన్ కలిపాను, చెప్పకుండా. నా గింజలదే, చిక్కమగళూరుది. అత్త అదీ తాగేసింది. ఆ మర్నాడు రెండు స్పూన్లు. తర్వాత మూడు. స్పూను పెరిగిన ప్రతి పొద్దునా గుమ్మం పక్కన నిలబడి ఆమె గొంతు కదలడమే చూస్తూ, లోటా ఖాళీ అయ్యేదాకా ఊపిరి బిగబట్టుకునేదాన్ని.

తొమ్మిదో రోజు తాగడం ఆపి లోటాలోకి చూసింది.

"ఏమమ్మా, దినానికి ఒక స్పూను ఎక్కువ పోస్తా ఉండావు కదా?"

దొరికిపోయాను. "వద్దంటే మానేస్తాను అత్తా" అన్నాను.

ఆమె మిగిలింది మెల్లగా, ఒక్కో గుక్కా నాలుక మీద నిలుపుకుంటూ తాగింది. నా వైపు తిరిగి కూర్చునే తాగింది. ఖాళీ లోటా నా చేతికిచ్చి కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఇంతకాలం మగోళ్ళు తాగింది ఇదేనా?" అంది.

"ఇదే అత్తా."

"రేపు ఇంకొక స్పూను పొయ్యి."