చీర కింద ఫేటియా

పూలి మా ఆఫీసు మెట్లెక్కిన మొదటిరోజు నేను నవ్వాను. ఆ తర్వాత ఆమెను చూసి ఎవరైనా నవ్వితే వాళ్ల నోరు మూయించింది కూడా నేనే. కానీ ఆ రోజు మాత్రం ఆపుకోలేక నవ్వాను, ఆ సంగతి దాచుకోను.

అది 1987 జూన్. భద్రాచలంలో ఒక సర్కారు ఆఫీసులో నేను టైపిస్టుని. నాన్నది కొత్తగూడెంలో బొగ్గుబాయి పని. కార్మికుల వాడలో పెరిగినదాన్ని కాబట్టి నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. రెండో మిషన్ మీదికి కొత్తపిల్ల వస్తోందని పెద్ద గుమస్తా వెంకటరామారావుగారు వారం ముందే చెప్పారు. వచ్చింది. గులాబీరంగు నైలెక్స్ చీర, ముఖమంతా సంతోషం, చేతిలో ఆర్డరు కాగితం. నడుము పైన చూస్తే బక్కపిల్ల, కింద చూస్తే గుమ్మం పట్టనంత వెడల్పు! అడుగు వేసినప్పుడల్లా చీరలోపల గలగలమని చప్పుడు. కుర్చీలో కూర్చోబోతే చేతుల మధ్య ఇరుక్కుపోయింది.

"లోపల ఏం కట్టినవే?" అని చెవిలో అడిగాను.

"ఫేటియా అక్కా," అంది, అందులో వింతేముందన్నట్టు.

లంబాడా ఆడవాళ్లు కట్టుకునే పెద్ద కుచ్చుల పావడా అది. అద్దాలూ గవ్వలూ బిళ్లలూ కుట్టి, చేత్తో ఎత్తితే చెయ్యి లాగేంత బరువుంటుంది. దాని మీద చీర చుట్టుకుని జూన్ ఎండలో బస్సెక్కి వచ్చిందా మహాతల్లి! మధ్యాహ్నానికల్లా చెమటతో తడిసి ముద్దయింది. వేళ్లు మాత్రం మిషన్ మీద నుంచి తియ్యలేదు.

సాయంత్రం నా కిరాయి గదికి తీసుకెళ్లి, చల్లటి మజ్జిగ ఇచ్చి అప్పుడు అడిగాను. కుసుమంచి దగ్గర తండా వాళ్లది. ఖమ్మం హాస్టల్లో ఉండి చదువుకుంది, టైపు హయ్యర్ పాసైంది. చీర కింద ఏం కట్టుకోవాలో తెలియక కాదు. హాస్టల్లో ఉన్నన్నాళ్లు బడిబట్టలు కదా అని ఊరుకున్న తల్లి మోతీ, ఉద్యోగం అనగానే ఒక మాట తీసుకుందట.

"చీర కట్టిన పిల్లలను సూసిన. నలుగుర్ల తల్లిని తల్లి అనరు. ఫేటియా ఇడ్సినవని తెలిసిందా, ఆ దినమే వచ్చి తోల్కపోత."

పూలి రెండు వైపులా మాట పోకుండా చూసుకుంది. అమ్మ మాట లోపల, ఆఫీసు పైన. నాకు మళ్లీ నవ్వొచ్చింది గానీ, ఈసారి గొంతు దాటి బయటికి రాలేదు.

"గిట్లనే కట్టుకుంటె నెల దాటవు. దవాఖానాల పడ్తవ్," అన్నాను.

ఆమె మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "నౌకరీ ఇడువ అక్కా. అమ్మకు నేనే చెప్త. జర టైం గావాలె."

మర్నాడే బజారున పడ్డాం. ఏ పండక్కీ నేనంత హుషారుగా బట్టలు కొనలేదు! ముందు లోపావడాలు. చీరకొకటి కుడదామని టైలర్ బొజ్జయ్య టేపు పట్టుకుని ఉత్సాహపడ్డాడు. "మూడు చాలు తాతా. తెల్లది, నల్లది, మెరూన్. ఏ చీరైనా ఈ మూడిట్లనే ఒదుగుతది," అంది పూలి. బొజ్జయ్య ముఖం చిన్నబోయింది. జాకెట్ చేతులు మోచేతి పైదాకా పెట్టమంది, వదులుగా. మిషన్ క్యారేజీని రోజంతా పక్కకు నెట్టే చెయ్యి కదా, బిగుతుగా ఉంటే చంక దగ్గర పిగిలిపోతుంది. పదేళ్లుగా పిగిలిన జాకెట్లకు టాకాలు వేసుకుంటున్న నాకు ఆ ఆలోచన ఎప్పుడైనా వస్తేగా!

చీరల దగ్గర మాత్రం ఇద్దరం కొట్టుకున్నంత పని చేశాం. ఆఫీసంటే లేతరంగులే హుందా అని నా పట్టుదల. బూడిదరంగు, వెలిసిన నీలం తీసి ముందు పెట్టాను.

"ఇవి కట్టుకుంటె జరమొచ్చిన దానిలెక్క ఉంట," అని పక్కకు నెట్టేసి, సీసా పచ్చ నేతచీర మీద ఆవపిండిరంగు జాకెట్ గుడ్డ పరిచింది. దాని పక్కన ఇటుకరంగుకు నల్ల అంచు. కొట్టువాడు కూడా నోరు తెరిచాడు. అద్దాలకు పక్కన ఏ దారం పడాలో పుట్టినప్పటి నుంచీ చూసిన కళ్లు అవి. నేను ఓడిపోయాను, ఓడిపోయినందుకు నాకు కోపం రాకపోవడం నాకే ఆశ్చర్యం.

పూలి నా గదిలోనే ఉండసాగింది. ఇక ఆదివారం సాయంత్రమైందంటే మా గదిలో పండగ. వారానికి సరిపడా చీరలు మంచం మీద వరసగా పరిచేది. సోమవారం అర్జీలవాళ్లు వస్తారు, గంజిపెట్టిన పచ్చచీర. స్టెన్సిల్ కొట్టి సైక్లోస్టైల్ మీద నకళ్లు తీసే రోజు నల్లచీరే, సిరా పడితే పడనీ. ముసురు పట్టిన రోజు జల్దీ ఆరే నైలెక్స్. రాబోయే చలికాలానికి కూడా ముందే లెక్క వేసింది: చేతుల్లేని స్వెటర్ జాకెట్ మీద తొడిగి, పైన పైట వేస్తే, చలి ఆగుతుంది, పైట జారదు. నేను ఇన్నేళ్లూ చీర మొత్తం మీద స్వెటర్ వేసుకుని బస్తాలాగా తిరిగాను! ఆగస్టుకల్లా పక్క సెక్షన్ ఆడవాళ్లు కూడా మా గదికి వచ్చి, "పూలీ, దీని మీదకి ఏం జాకెటే?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ పిల్ల ముఖంలో వెలుగు చూడాలి అప్పుడు.

అయితే ఆమె ఊరికి పోయే శనివారాలు మాత్రం నాకు నచ్చేవి కావు. ఊరికి బయలుదేరినప్పుడు చీరతో బస్సెక్కి, ఖమ్మం బస్టాండులో ఆడవాళ్ల గదిలోకి దూరి, ఫేటియా కట్టుకుని బయటికొచ్చేది.

"ఎన్నిసార్లని దొంగలెక్క మారుస్తవే? చెప్పెయ్," అని కసిరేదాన్ని.

"వచ్చే వారం చెప్త అక్కా."

ఆ వచ్చే వారం ఎంతకీ రాలేదు. అక్టోబరులో ఒక సోమవారం మోతీయే వచ్చింది.

కిటికీలోంచి నేనే ముందు చూశాను. ఎర్రటి ఫేటియా, అద్దాల రవిక, మోచేతుల పైదాకా గాజులు, తలమీద ముసుగు. వరండా నిండా అర్జీదారులు. అంతమంది మధ్య బెదిరిపోయి, ఎదురుగా ఫైళ్లతో వస్తున్న పచ్చచీర మేడం ముందు తల వంచి, రెండు చేతులూ జోడించింది.

"దండం మేడం. మా పూలి ఈడ నౌకరీ చేస్తదట. యాడ కూసుంటదో జర సూపియ్యున్రి."

ఆ మేడం పూలే.

పూలి బొమ్మలాగా నిలబడిపోయింది. వెంకటరామారావుగారు కళ్లద్దాలు పైకి తోసుకుని చూస్తున్నారు, వరండా అంతా చూస్తోంది. నోరు తెరువు పిల్లా, తెరువు, అని నాలో నేనే అరుస్తున్నాను.

ఫైళ్లన్నీ నేలమీద దబ్బున పడేసింది.

"యాడీ!"

వాళ్ల భాషలో అమ్మని పిలిచే మాట అది. ఆఫీసు గోడలు అదిరేలా పిలిచింది. పిలిచి, జోడించిన ఆ చేతులు విడదీసి తన మెడ చుట్టూ వేసుకుంది. "నేనే. నీ పూలిని. మా అమ్మ సార్, ఈమె మా అమ్మ!" అని ఏడుస్తూ నవ్వుతూ చెప్పింది.

మోతీ తలెత్తి చూసింది. బిడ్డ ముఖం, పైట, కుచ్చిళ్లు, మళ్లీ ముఖం. అయిపోయింది, సాయంత్రం బస్సుకు పెట్టె కట్టాల్సిందే అనుకున్నాను. అంతలో ఆమె కింద కూర్చుని చీర అంచు తిప్పి చూసింది.

"ఈ ఫాల్ ఎవరు కుట్టిన్రు?" అంది, అందరికీ వినబడాలనేమో, తెలుగులోనే.

పూలి నన్ను చూపించింది.

"గిదేం కుట్టమ్మా? అంగుళానికొక టాకా. కాలివేలు ఇరికి పిల్ల బోర్ల పడదా?"

నా చీర అంచు కూడా చూస్తుందేమోనని నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

మోతీ నడుముకున్న సంచిలోంచి సూదీ దారం తీసింది. "నువ్వు నీ పని చేసుకో పో," అని కూతుర్ని కుర్చీలో కూలేసి, తాను బల్ల పక్కన నేలమీద కూర్చుని కుట్టు విప్పడం మొదలుపెట్టింది. పైన మిషన్ టకటక, కింద సూది. ఆ పూట పూలి కొట్టిన ఉత్తరంలో పదకొండు తప్పులున్నాయి. నేను కిక్కురుమనకుండా మళ్లీ కొట్టాను.

మధ్యాహ్నం ఒంటిగంటకు మోతీ దారం పంటితో కొరికి, అంచు మీద అరచేత్తో ఒకసారి నిమిరింది.

"గదిల ఇంకెన్ని చీరలున్నయ్? అన్ని తేపో."