ఒక వరుస పైన

ఆ రోజు మహబూబాబాద్ స్టేషన్‌లో, నేను జనగామలో ఫిజిక్స్ చెబుతానని తెలిసి, పక్కన కూర్చున్న పెద్దాయన కూతురి ప్రశ్నపత్రం, గడులు నింపిన ఓఎంఆర్ జవాబుపత్రం కాపీ నా చేతికిచ్చాడు.

"జర చూడు సారూ. ఫిజిక్సుల మార్కులే రాలె. ఏం సదివినవని మస్తు తిట్టిన."

యూనిట్లు సరిచూసుకుని, తప్పు ఆప్షన్లు కొట్టేసి, ఆ అమ్మాయి ప్రశ్నపత్రంలో టిక్కు పెట్టిన జవాబులన్నీ ఒప్పే. మూడో ప్రశ్న వదిలేసింది గానీ, ఓఎంఆర్‌లో దాని వరుసను ఖాళీగా ఉంచలేదు. అక్కణ్ణుంచి ప్రతి జవాబూ ఒక వరుస పైన పడింది.

"పాపకు అన్నీ వచ్చు. వరుసలు మారాయంతే. మళ్లీ రాయించండి," అన్నాను.

ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మొన్ననే బిడ్డ దినాలు చేసినం సారూ. వరుసలు మారినయనే చెప్పింది. నేనే నమ్మలె."