ఒకే గీత మీద నుంచి

మంజుల మేడానికి విజిల్ దండగ. కురవి హైస్కూల్ మైదానంలో ఆమె ఒక్క కేక వేస్తే, పక్క గదిలో పాఠం చెబుతున్న నేను కూడా ఉలిక్కిపడేవాణ్ణి. బడి వేళకు ముందు ఊరివాళ్లకు పరుగు నేర్పడం ఆమెకు పిచ్చి.

ఆ పరుగుకు ఇద్దరు తప్పక వచ్చేవారు. శైలజ కూలీల బిడ్డ, డిగ్రీ చదువుతోంది. జిల్లా నుంచి రాష్ట్ర పోటీలకు వెళ్లే ఒక్క చోటు మీదే ఆమె ఆశంతా. అక్కడ రాణిస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు. రెండో మనిషి సమ్మక్క. మగపిల్లాడిగా పెరిగి, పెద్దయ్యాక ఆడమనిషిగా బతుకుతోంది. ఇంట్లోంచి వెళ్లగొడితే టైలర్ షాపులో జాకెట్లు కుట్టుకుంటోంది. ఆమెను చూసి ఇకిలించినవాళ్లకు మంజుల పెట్టిన చీవాట్లు ఊరంతా విన్నది.

మంజులకో పద్ధతి ఉంది. వేగంగా ఉరికేవాళ్లను గీతకు వెనక నిలబెడుతుంది. అందరూ దాదాపు కలిసే చేరితే ఎవరూ డీలా పడరని ఆమె లెక్క. సమ్మక్క ఎప్పుడూ బాగా వెనకనుంచే మొదలుపెట్టేది. చివరికి ఇద్దరూ భుజాలు రాసుకుంటూ చేరి, నవ్వుకునేవారు.

సెలక్షన్లు దగ్గరపడ్డాక సమ్మక్క అడిగింది. "మేడం, ఆడోళ్ల పందెంల నా పేరు గూడ రాయుండ్రి."

మంజుల జిల్లా క్రీడా సంఘం పెద్దకు ఫోన్ చేసింది. "పేర్లు పంపేది మీరే గద, మీరే సూసుకోండ్రి" అని ఆయన చేతులు దులుపుకున్నాడు. ఇలాంటి పెద్దలను తలచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

మర్నాడు మంజుల ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టింది. సమ్మక్క చేరి, ఊపిరి సర్దుకుని వెనక్కి చూసింది. శైలజ ఇంకా వస్తూనే ఉంది.

"అక్కా, నువ్వు ఆడదానివే, నేనెన్నడు కాదనలె. గని ఎంత జేసినా నిన్ను అందుకుంటనా?" అంది శైలజ.

"హార్మోన్ల మందులు వాడవట్టి నా బలం గూడ మస్తు తగ్గింది చెల్లె" అంది సమ్మక్క. ఎంత తగ్గితే సమానమో ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు, చూస్తూ నిలబడ్డ నాకూ తెలియదు.

మంజుల శైలజ పేరే పంపింది. ఆ సంగతి దాచకుండా షాపుకు పోయి సమ్మక్క మొహం మీదే చెప్పింది. సమ్మక్క తిట్టలేదు. మిషను ఆపి అడిగింది.

"మొగోళ్లతోని నేను ఉరకను. ఆడోళ్లతోని మీరు ఉరకనియ్యరు. మరి నేనేడ ఉరకాలె మేడం?"

స్టాఫ్ రూములో ఈ మాట నాకు చెబుతూ మంజుల ఏడ్చేసింది. శైలజకు న్యాయమే జరిగింది, ఆ మాట నేను వెనక్కి తీసుకోను. కానీ సమ్మక్క మళ్లీ పరుగుకు రాలేదు. రమ్మని పిలవడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు.