సునీత బ్లాగులో చివరి వాక్యం

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే ఎగతాళి చేసే మనిషిని నేను. ఉన్నాయని ఇప్పుడు నమ్మించడానికీ ఇది రాయడం లేదు. ఒక అమ్మాయిని నలుగురి ముందు అబద్ధాలకోరు అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి రాస్తున్నాను.

2011లో శంషాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు రచన చెప్పేవాణ్ణి. మాది తెనాలి వైపు. ఆ ఏడు నోటుబుక్కులు మాన్పించి పిల్లలందరిచేతా బ్లాగులు తెరిపించాను. వారానికో పోస్టు, దానికి పది మార్కులు. దిద్దడానికి వీలుగా అందరి పాస్‌వర్డులూ నా దగ్గర ఉండేవి.

కొత్వాల్‌గూడ నుంచి వచ్చే సునీత తన నాయనమ్మ గురించి రాసింది. "రన్‌వే కిందికి పోయిన చేన్లన్నీ మా నాయనమ్మ యాదిల ఉన్నయి" అని మొదలుపెట్టింది. దాన్ని ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసి, "యాది ఏమిటమ్మా, జ్ఞాపకం అనలేవా?" అన్నాను.

"మా నాయనమ్మ గట్లనే అంటది సార్."

"అయితే మీ నాయనమ్మనే వచ్చి రాయమను."

తరగతి గొల్లుమంది. "ముసలామెకు హాల్‌టికెట్ ఇయ్యుండ్రి సార్!" అని వెనక బెంచీలోంచి ఎవరో అరిచారు. నేనూ నవ్వాను. అందరూ చూస్తుండగానే యాది కొట్టేసి జ్ఞాపకం అని పెట్టాను. పదికి రెండు వేశాను.

మర్నాటి నుంచి ఆమె రాలేదు. వారం తర్వాత చూస్తే ఆ వాక్యంలో మళ్లీ యాది ఉంది. పొగరు అనుకున్నాను. దిద్ది, పాస్‌వర్డు మార్చాను. కొత్తది ఎక్కడా రాసుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులకు యాది తిరిగొచ్చింది. ఈసారి పోస్టు చివర కొత్త వాక్యం కూడా ఉంది: "పిట్టా, గటుక సల్లారుతుంది, తిని పో."

సునీత వచ్చిన రోజు స్టాఫ్‌రూముకు పిలిపించి, తోటి లెక్చరర్ల ముందు నిలదీశాను. తెర మీద ఆ వాక్యం చదివి ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"నేను ముట్టలే సార్. నాయనమ్మ సచ్చిపోయి పదకొండు దినాలైంది. మా ఇంట్ల కంప్యూటర్ ఏడిది? నన్ను పిట్టా అని పిలిచేది ఆమె ఒక్కతే. ఈడ ఎవ్వరికీ ఎరక లేదు."

"మీ నాయనమ్మకు చదువొచ్చా?"

"వేలిముద్ర సార్."

లెక్చరర్లు నవ్వారు. అబద్ధాలకోరువన్నాను. ఆ పోస్టుకు సున్నా వేశాను. ఆమె కాలేజీ మానేసింది.

ఆ సాయంత్రం కంప్యూటర్ లెక్చరర్ ఆ పోస్టు చివరిసారి మారిన సమయం తీసి చూపించాడు. మంగళవారం ఉదయం పదకొండు దాటాక. కొత్త పాస్‌వర్డు తెలిసింది నాకొక్కడికే, ఆ గంటలో నేను క్లాసులో ఉన్నాను. కరెంటు పోయి, ల్యాబుకు తాళం వేసి ఉంది. రోజులు లెక్కపెట్టుకున్నాను. నేను "వచ్చి రాయమను" అన్న రోజే ఆ ముసలామె పోయింది.

అప్పుడైనా సునీత ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకోవాల్సింది. వెళ్లలేదు. ఎవరూ చూడకుండా బ్లాగు మొత్తం తీసేశాను.

రెండేళ్ల తర్వాత ఎయిర్‌పోర్టులో బంధువుల కోసం నిలబడి ఉంటే, ట్రాలీల వరస తోసుకుంటూ వచ్చిన అమ్మాయి ఆగింది. "నమస్తే సార్, మంచిగున్నరా?" అంది. సునీత.

"నాయనమ్మ రాసింది ఇంకా ఉన్నదా సార్? ఒక్కసారి చూడాలె."

"ఉందమ్మా" అన్నాను. ఆమె ముఖం వెలిగింది. ట్రాలీలు తోసుకుంటూ వెళ్లిపోయింది.

లేదు సునీతా. నేనే చెరిపేశాను. ఆ వాక్యం ఎవరు రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. నువ్వు రాయలేదని మాత్రం ఆ రోజు సాయంత్రమే తెలుసు.