రెండడుగులు వెనక్కి

ఫింటాస్‌లో మా పక్క బిల్డింగులో ఉండే మాజీగారు పోయారని శుక్రవారం పొద్దున మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఆ పేరు పెట్టిన మహానుభావుణ్ణి నేనే. కెనడాలో ఒక రాష్ట్ర శాసనసభకు ఒకసారి గెలిచి, మరుసటిసారి ఓడి, ఇక్కడ కువైట్‌లో కూతురి దగ్గరికి వచ్చేసిన మనిషిని ఇంకేమంటారని అప్పట్లో నా వాదన. ఆయన గురించి ఈ నాలుగు మాటలు రాయమని కూడా నన్నే అడిగారు. నాకు తగిన శిక్షే.

ఆయన ఎవరి తలుపైనా రెండుసార్లు కొట్టి, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కనబడేలా నిలబడేవారు. "తీసేవాళ్ళకి మనం మీద పడుతున్నట్టు ఉండకూడదు బాబూ. కెనడాలో మంచులో ఇలాగే ఇంటింటికీ తిరిగాను. ఓటు సంగతి తరవాత, ముందు వాళ్ళ బాధేంటో వినాలి" అనేవారు.

మన సంఘం అధ్యక్షుడిగా నిలబడ్డప్పుడు ఆయన కోరింది ఒక్కటే. శుక్రవారాలు సంఘం హాల్లో ఒక బల్ల. మంగఫ్‌లో ఉండే మన కూలీలకు ఇఖామా, అంటే నివాస అనుమతి కాగితాలు, కఫీల్‌కి, అంటే వాళ్ళని తెచ్చుకున్న యజమానికి అర్జీలు రాసిపెట్టడానికి.

ఎన్నికకు ముందు వార్షికోత్సవంలో స్టేజీ మీద ఆయన్ని అచ్చు గుద్దినట్టు దించేశాను. లేని తలుపు కొట్టి రెండడుగులు వెనక్కి, మళ్ళీ రెండు, మళ్ళీ రెండు, అలా స్టేజీ దిగిపోయేదాకా. "అక్కడ ఓడించారు, ఇక్కడా ఓడించి పుణ్యం కట్టుకోండి!" అన్నాను ఆయన గొంతుతో. హాలంతా పగలబడి నవ్వింది. ముందు వరుసలో ఆయనా నవ్వారు. ఎన్నికలో చిత్తుగా ఓడారు.

మర్నాడు మా మెట్ల దగ్గర తన పోస్టర్లు తనే గోటితో పీకుతున్నారు. "అక్కడ అలవాటైపోయింది. మన బోర్డులు మనమే తీసుకోవాలి. బాగా చేశావోయ్, కానీ చేతులు అలా పెట్టను. ఇదిగో, ఇలా" అని నన్ను సరిదిద్దారు. నేను ఇకిలించాను.

సిగ్గు ఆ తరవాతి శుక్రవారం వచ్చింది. ఎండలో మంగఫ్ నుంచి వచ్చిన జగిత్యాల అన్న ఒకాయన హాలు తాళం చూసి అడిగాడు.

"తమ్మీ, సారు గెలవలేదా? మరి మా కఫీల్‌కు కాయితం ఎవలు రాస్తరు ఇగ?"



తరవాత మాజీగారే బస్సెక్కి మంగఫ్ వెళ్ళి, గదిగదికీ తిరిగి రాసిపెట్టేవారు. క్షమించమని అడుగుదామనుకుంటూనే ఎదురైనప్పుడల్లా ఏదో జోకు వేసి తప్పించుకున్నాను.

నిన్న పరామర్శకు వెళ్ళి వాళ్ళ తలుపు రెండుసార్లు కొట్టాను. నాకు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాను. లోపల్నుంచి ఆయన కూతురు వస్తున్న చప్పుడు. చేతులు ఆయన దిద్దినట్టే పెట్టుకుని నిలబడ్డాను.