నాటకాల డేరా ముందు నాన్న వేసిన బల్ల

ఎండిన నేలమీద వాన కురిపించి, ఇన్నేళ్ళు నన్ను తన చేతి నీడన కాచిన దేవునికి ముందుగా స్తోత్రం. ఈ వయసులో కూడా నా మనసుకు జ్ఞాపకమనే దీవెన మిగిల్చినందుకు మరీ స్తోత్రం.

మొన్న మా మనవరాలు ఏదో పాటకచేరీకి టిక్కెట్టు కొనాలని పొద్దుటినుంచీ ఫోను పట్టుకొని కూర్చుంది. అమ్మకం మొదలవగానే అన్నీ అయిపోయాయట. కాసేపటికి అవే టిక్కెట్లను ఎవరెవరో ఎన్నో రెట్ల ధరకు అమ్ముతున్నారట. చిన్నబోయిన ముఖంతో అది చెబుతుంటే నాకు బేతంచెర్ల దగ్గరి మా ఊరూ, వేసవిలో అక్కడ వెలిసే నాటకాల డేరా, దాని ముందు మా నాన్నా కళ్ళకు కట్టారు.

పందొమ్మిదివందల యాభైలలో, నేను మిషను బడిలో కొత్తగా పంతులమ్మనైన రోజులవి. నాటకాల కంపెనీ వచ్చిందంటే బండల గనుల్లో పనిచేసే ఆడవాళ్ళు కూలి ముట్టగానే సంగటి మూట కట్టుకొని, పిల్లల్ని చంకనేసుకొని నడిచివచ్చేవారు. తీరా వస్తే నేల టిక్కెట్లన్నీ ముందే నలుగురైదుగురు కొనేసి, డేరా పక్కనే నిలబడి రెట్టింపుకు అమ్మేవారు. బ్లాకులో కొనలేనివాళ్ళు గుడ్డ గోడ బయట కూర్చొని, లోపలి హార్మోనియం కాసేపు విని తిరిగిపోయేవారు. మా మేనత్త కూడా గనిలో బండలు మోసే మనిషే. ఒక ఏడు ఆమె అట్లాగే తిరిగివచ్చి, ఆ రాజు వేషం ఎట్లుంటుందో ఒక్కసారైనా చూడాలని ఏడాది పొడుగునా అంటూనే ఉండేది.

నాన్న మా క్రైస్తవ సంఘానికి పెద్ద. నాటకం చూడడం ఆయన నియమానికి సరిపడదు. డేరా లోపల ఆయన ఏనాడూ అడుగుపెట్టలేదు. అయినా కష్టజీవుల సంతోషాన్ని మధ్యలో ఒకడు పట్టుకొని బేరం పెట్టడం దేవుడు మెచ్చని పని అని ఆయన నమ్మకం. మా చర్చి కోతపండుగలో ఒక ఆచారముంది. గుడికి తెచ్చిన గుమ్మడికాయనో కోడిపుంజునో వేలంపాటలో కొన్నవారు, దాన్ని మళ్ళీ ఆ బల్లమీదికే ఇచ్చేస్తారు; బల్లనుంచే అది ఇంకొకరికి పోతుంది గాని గుడి గేటు దగ్గర ఎవరూ అమ్ముకోరు. టిక్కెట్టుకూ అట్లాంటి బల్ల ఒకటి ఉండాలన్నారు నాన్న. మనిషికి రెండు టిక్కెట్లకు మించి ఇవ్వకూడదు, రాలేనివారు దాన్ని బల్లకే తిరిగి ఇవ్వాలి, బల్ల దాన్ని అచ్చువేసిన ధరకే వరుసలో ముందున్నవారికి ఇవ్వాలి.

ఈ మాట పట్టుకొని ఆయన మరుసటి వేసవంతా తిరిగారు. రెడ్లిళ్ళ అరుగులమీద, మసీదు వీధిలో సాయిబుల అంగళ్ళ ముందర, పంచాయతీ పెద్దల దగ్గర విసుగులేకుండా చెప్పారు. సంఘంలోనే ఒకాయన ఎగతాళి చేశాడు. “ఏమప్పా, గుళ్ళో యాపారం చేసేటోళ్ళ బల్లలు ప్రభువేమో పడదోస్తే, నువ్వు ఈడ బల్ల ఏస్తాండావే!” నాన్న నవ్వి, “ఆయన పడదోసే బల్ల నాది గాకుంటే సాలు లేప్పా,” అన్నారు.

చివరికి కంపెనీ కంట్రాక్టరు ఒక్క సాయంత్రానికి ఒప్పుకున్నాడు. బ్లాకువాళ్ళు టిక్కెట్లన్నీ ఒకేసారి కొంటే అతనికి నష్టభయం లేదు మరి. గొడవైనా, టిక్కెట్లు మిగిలినా, మరునాటినుంచి మళ్ళీ వాళ్ళకే ఇస్తానన్నాడు.

ఆ సాయంత్రం టిక్కెట్లన్నీ అమ్ముడుపోయాక, ఎవరో బిడ్డకు జ్వరమని ఒక టిక్కెట్టు బల్లకు తిరిగివచ్చింది. ఏటా కోతపండుగ పాట నడిపే మనిషి కదా, నాన్న అలవాటు చొప్పున దాన్ని గుమ్మడికాయ ఎత్తినట్లు తలపైకి ఎత్తారు. అంతే, మా సంఘపు ఆడవాళ్ళు కూడా అలవాటు చొప్పున పాట పెంచసాగారు! అందరికంటే పెద్ద గొంతు మా మేనత్తది. వారం కూలి అంతా పాడేసింది. పక్కనున్న బ్లాకువాళ్ళు విరగబడి నవ్వారు. “ధర పెంచేది మాకంటే మీకే బాగ వచ్చు గదమ్మా!” కంట్రాక్టరు ముఖం మారిపోయింది.

నాన్న చెయ్యి దించి, టిక్కెట్టును బల్లమీద పెట్టి, పాట చెల్లదన్నారు. వరుసలో ముందు నిలబడిన ఒక ముసలామెను పిలిచి అచ్చు ధరకే ఇచ్చేశారు. మేనత్త భగ్గుమంది.

“ఏమన్నా, నీ చెల్లెలు నీకు కానరాలేదా? పోయినేడు గూడా ఈడనే నిలబడి ఇంటికి పోతిని గదా!”

“కానొచ్చినావు లేమ్మా. నీ ముందర ఆయమ్మ నిలబడుండాది. ఆయమ్మ గూడా కానొచ్చె.”

ఆ మాటకు వరుసంతా సద్దుమణిగింది. సొంత చెల్లెలికే లేదన్న మనిషిని ఇంకెవరు నిలదీస్తారు? డేరా ఎత్తేదాకా ఆ బల్ల అక్కడే ఉండనీ అన్నాడు కంట్రాక్టరు. మేనత్త నాలుగు రోజులు అన్నతో మాట్లాడలేదు. ఐదోనాడు పనికి సెలవు పెట్టి, ఎండ తగ్గకముందే వచ్చి వరుసలో మొదట నిలబడింది. లోపల చాపమీద ముందు కూర్చొని రాజు వేషం కళ్ళారా చూసింది. మరునాడు ఆ రాజు నడకను మా వాకిట్లో నడిచి చూపిస్తుంటే, నాటకమంటే గిట్టని నాన్న, చుట్టూ చేరిన పిల్లలకంటే ఎక్కువగా నవ్వారు.

ఆ తర్వాత మా వైపుకు వచ్చిన కంపెనీలు కొన్నేళ్ళపాటు అడగకుండానే బల్ల వేశాయి. ఆ డేరాలు పోయాయి, నాన్నా మేనత్తా ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. ఇప్పుడు టిక్కెట్టు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోతుందో ఎవరికీ తెలియదు. కోపం వచ్చినా ముఖం చూసి అడగడానికి అక్కడ మనిషే ఉండడు. ఇది చదివే మీరు ఒక్క నిమిషం నాతోపాటు తలవంచండి. ప్రభువా, వాకిలి బయట ఆశగా నిలబడినవారిని మరచిపోకు. తనవాళ్ళ కోపానికి వెరవని న్యాయవంతుణ్ణి ఊరికొకణ్ణి మాకు దయచేయి. ఆమేన్.